వేలంలో పాడుకున్న లెన్స్ రాలేదు, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే డబ్బు పంపిస్తానంటున్నాడు, నమ్మొచ్చా?

లెన్సుపిచ్చి:

అందరికీ నమస్కారం. ఆన్‌లైన్ వేలంలో ఒక పాత మాన్యువల్ ఫోకస్ కెమెరా లెన్స్ పాడుకున్నాను. చాలాకాలంగా వెతుకుతున్న లెన్స్ అది. ఫొటోల్లో అద్దం శుభ్రంగా ఉంది, అమ్మకందారు మీద పాత కొనుగోలుదార్లు రాసినవి కూడా బాగానే ఉన్నాయి కాబట్టి చివరి నిమిషం దాకా పాడి గెలుచుకున్నాను. సైట్ పేరు ఇక్కడ రాయడం లేదు, వ్యవహారం ఇంకా నడుస్తోంది. డబ్బు సైట్‌లోనే, క్రెడిట్ కార్డుతో కట్టాను. అమ్మిన మనిషి వేరే దేశంలో ఉన్నాడు, షాపు కాదు, మామూలు వ్యక్తి.

మొదట్లో ప్రతి మెసేజ్‌కీ వెంటనే జవాబు వచ్చేది. రేపు పంపిస్తాను అన్నాడు, తర్వాత ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదు, హాస్పిటల్లో ఉన్నాను అన్నాడు. సరే అని ఊరుకున్నాను. ఆ తర్వాత ఒక ట్రాకింగ్ నంబరు ఇచ్చాడు. దాన్ని ఎప్పుడు చూసినా లేబుల్ తయారైంది, పార్సెల్ ఇంకా మాకు అందలేదు అనే చూపిస్తోంది. సైట్ చెప్పిన డెలివరీ తేదీ దాటిపోయి కొన్ని వారాలైంది. చివరికి వస్తువు అందలేదని సైట్‌లో ఫిర్యాదు పెట్టాను.

ఫిర్యాదు పెట్టిన మర్నాడే మెసేజ్. "మీ ఫిర్యాదు వల్ల నా ఖాతా ఆగిపోయింది, డబ్బు తీయలేకపోతున్నాను, మీరు దాన్ని మూసేస్తే అదే రోజు మీ బ్యాంకుకి నేరుగా పంపిస్తాను, మీ ఖాతా వివరాలు ఇవ్వండి" అని. మాట మర్యాదగానే ఉంది. నిజంగా ఇబ్బందుల్లో ఉన్నాడేమో, మనం ఇంకా ఇబ్బంది పెడుతున్నామేమో అని ఒక పక్క, ఇంత డబ్బు పోతుందేమో అని ఇంకో పక్క, రెండు రోజులుగా ఇదే టెన్షన్.

నా సందేహాలు: ఫిర్యాదు మూసేస్తే మళ్ళీ తెరవనిస్తారా? సైట్ తేల్చేదాకా ఆగాలా లేక ఇప్పుడే బ్యాంకుకి వెళ్ళి కార్డు డబ్బు వెనక్కి అడగాలా? రెండూ ఒకేసారి చేయొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.


తూనికరాయి:

మూసేయకండి. ముందు ఈ ఒక్క పని మానుకోండి, మిగతావి తర్వాత మాట్లాడుకోవచ్చు.

చాలా సైట్లలో కొనుగోలుదారు తనంతట తాను మూసిన ఫిర్యాదు మళ్ళీ తెరుచుకోదు. ఆన్‌లైన్ చెల్లింపుల సేవ పేపాల్‌లో డిస్ప్యూట్‌ను, అంటే ఫిర్యాదుని, మనమే మూసేస్తే అదే లావాదేవీ మీద మళ్ళీ పెట్టడం కుదరదు. మీ అమ్మకందారుకి ఈ సంగతి తెలిసే అడుగుతున్నాడని నేను అనను, కానీ తెలిసి అడిగినా తెలియక అడిగినా మీకు జరిగే నష్టం మాత్రం ఒకటే.

ఇంకో విషయం, డబ్బు తిరిగి ఇవ్వాలనుకునేవాడికి ఫిర్యాదు అడ్డం కాదు. అదే ఫిర్యాదు పేజీలో అమ్మకందారుకి రీఫండ్ ఇచ్చే బటన్ ఉంటుంది. నొక్కితే డబ్బు వచ్చిన దారినే వెనక్కి వెళ్తుంది, ఫిర్యాదు దానంతట అదే ముగుస్తుంది. మీ బ్యాంకు వివరాలతో అతనికి పనే లేదు. ఇవ్వకండి. వివరాలు తీసుకున్నాక "పంపడానికి చిన్న ఫీజు కట్టాలి" అనో, "పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది వెనక్కి వేయండి" అనో ఇంకో కథ మొదలవుతుంది, అలా రెండోసారి పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

అసలు పట్టించుకోవాల్సింది గడువులు. ఉదాహరణకు ఈబే అనే వేలం సైట్‌లో వస్తువు రాకపోతే, వస్తుందని చెప్పిన తేదీల్లో చివరిది దాటాక 30 రోజుల్లోపు చెప్పాలి, తర్వాత అమ్మకందారుకి 3 పనిదినాలు ఇస్తారు, అప్పటికీ తేలకపోతే మీరే వెళ్ళి ఈబేని జోక్యం చేసుకోమని అడగాలి. ఫిర్యాదు పెట్టేశాం కదా, ఇక వాళ్ళే చూసుకుంటారు అని కూర్చుంటే ఆ రెండో మెట్టు జారిపోతుంది. పేపాల్‌లో డబ్బు కట్టిన రోజు నుంచి 180 రోజుల్లోపు డిస్ప్యూట్ పెట్టాలి, పెట్టాక 20 రోజుల్లోపు దాన్ని క్లెయిమ్‌గా, అంటే పేపాలే తేల్చాలని అడిగే ఫిర్యాదుగా, మార్చాలి, మార్చకపోతే అది దానంతట అదే మూతపడుతుంది. ఎంతమంది ఈ 20 రోజుల దగ్గర ఓడిపోతారో! అమ్మకందారు రోజూ "ఇంకో రెండు రోజులు" అంటుంటాడు, మనం మంచితనంతో ఆగుతాం, ఆ రెండేసి రోజులు కలిసి గడువు తినేస్తాయి.

మీ సైట్ ఏదైనా సరే, దాని సహాయం పేజీ తెరిచి, జోక్యం కోరడానికి చివరి తేదీ ఏదో చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. అతను హాస్పిటల్లో ఉన్నా లేకపోయినా ఆ తేదీ కదలదు. అతని మీద జాలి ఉంటే మెసేజ్‌లో మంచి మాట రాయండి, తేదీని మాత్రం వదలకండి.


కార్డుబల్ల:

నేను కొంతకాలం ఒక బ్యాంకులో కార్డు ఫిర్యాదులు చూసే బల్ల దగ్గర పనిచేశాను. అందుకని రెండో ప్రశ్నకి కొంచెం పొడుగ్గా చెప్తాను.

కార్డుతో కట్టిన డబ్బుని వస్తువు రాలేదని వెనక్కి రప్పించుకోవడాన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. ఇది బ్యాంకు చేసే దయ కాదు, వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్‌లు బ్యాంకుల మధ్య పెట్టిన నియమం. వీసాలో దీనికి ప్రత్యేకంగా ఒక కోడ్ కూడా ఉంది, 13.1, వస్తువు లేదా సేవ అందలేదు అని. గడువు మామూలుగా 120 రోజులు. చాలామంది దీన్ని కట్టిన రోజు నుంచే లెక్కేసుకుని దాటిపోయిందని నిరాశపడతారు, వస్తువు రాకపోయిన కేసుల్లో వస్తుందని చెప్పిన చివరి తేదీ నుంచి లెక్కపెట్టే వీలుంది. అలాగని దాన్ని ఎంత దూరమైనా జరపలేరు, లావాదేవీ జరిగిన 540 రోజులకి అన్ని దారులూ మూసుకుపోతాయి. ఇవి బ్యాంకుకి ఉన్న గడువులు. మీ బ్యాంకు మీకు ఇంకా తక్కువ సమయం పెట్టి ఉండొచ్చు, కొన్ని దేశాల చట్టాలు స్టేట్‌మెంట్ తేదీ నుంచి లెక్కేస్తాయి, కాబట్టి ఈరోజే బ్యాంకుకి ఫోన్ చేసి "నా ఈ లావాదేవీకి ఆఖరు తేదీ ఏది" అని అడిగి ఆ జవాబు రాతలో తెప్పించుకోండి. ఫిర్యాదు పెట్టకుండానే ఇది అడగొచ్చు.

రెండూ ఒకేసారి వద్దు. సైట్‌లో కేసు నడుస్తుండగా మీరు చార్జ్‌బ్యాక్ పెడితే చాలా సైట్లు తమ కేసు మూసేస్తాయి. ఈబే అలాగే చేస్తుంది, పేపాల్ కూడా అంతే. వాళ్ళ దృష్టిలో ఇక మీరు బ్యాంకు దారిని ఎంచుకున్నట్టు. కాబట్టి మొదట సైట్, అక్కడ కాదంటే డబ్బు మధ్యలో పట్టుకున్న చెల్లింపు సేవ ఏదైనా ఉంటే అది, ఆఖర్న కార్డు బ్యాంకు. పేపాల్ ఖాతాలోంచి కార్డుతో కట్టినవాళ్ళకి పేపాల్‌లో కాదన్నా కార్డు దారి ఇంకా మిగిలి ఉంటుంది, ఇది చాలామందికి తెలియదు. కానీ సైట్ తేల్చడానికి నెలలు పట్టేటట్టుంటే, కార్డు గడువు దగ్గరపడుతుంటే, సైట్ తీర్పు కోసం ఆగకండి.

ఇక ఫైలు. బల్ల దగ్గర కూర్చున్నప్పుడు నాకు కనిపించిన తేడా ఇదే: నిజంగా మోసపోయినవాళ్ళే పేజీలకి పేజీలు ఆవేదన రాస్తారు, కాగితాలు మాత్రం ఉండవు. ఆ బల్ల మీద రోజుకి ఎన్నో ఫైళ్ళు కదులుతాయి, చూసేవాళ్ళకి కావలసింది నాలుగు సంగతులు. ఏం కొన్నారు, ఎప్పటికి వస్తుందన్నారు, రాలేదని అమ్మకందారుకి ఎప్పుడు చెప్పారు, అతను ఏమన్నాడు. వేలం పేజీని వివరణతో సహా ఇప్పుడే సేవ్ చేయండి, కొన్నాళ్ళకి ఆ పేజీ మాయమవుతుంది. గెలిచినట్టు వచ్చిన ఈమెయిల్, కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ వరుస, తేదీలు కనిపించేలా మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, ట్రాకింగ్ పేజీ. ట్రాకింగ్ పేజీ తప్పకుండా ఈరోజు తీయండి, లేబుల్ మాత్రమే తయారైందని ఈ తేదీకి ఉన్నట్టు రుజువు మీ చేతిలో ఉండాలి. అది రేపు మారొచ్చు.

అమ్మకందారుకి ఒక్క చివరి మెసేజ్ సైట్‌లోనే పెట్టండి: వస్తువు అందలేదు, ఫలానా తేదీలోపు సైట్ ద్వారా పూర్తి రీఫండ్ ఇవ్వండి, లేకపోతే సైట్‌ని జోక్యం చేసుకోమంటాను, అంతే. తిట్టొద్దు. చెడ్డ రేటింగ్ ఇస్తానని బెదిరించొద్దు, చాలా సైట్లలో రేటింగ్‌ని బెదిరింపుగా వాడటం కొనుగోలుదారు తప్పు కింద లెక్క. వాట్సాప్‌లోకి రమ్మంటే వెళ్ళొద్దు. సైట్ బయట జరిగిన మాటల్ని సైట్ చాలాసార్లు లెక్కలోకి తీసుకోదు.


నాణేలసంచి:

అవతలి వైపు నుంచి ఒక మాట. నేను పాత నాణేలు, స్టాంపులు వేలంలో అమ్ముతుంటాను. ఆలస్యాలు నిజంగానే జరుగుతాయి. కస్టమ్స్‌లో పార్సెల్ ఇరుక్కుంటే వారాల తరబడి ట్రాకింగ్ కదలదు. కొన్నిసార్లు పంపిన దేశపు పోస్టల్ సైట్ ఏమీ చూపించదు, చేరే దేశపు పోస్టల్ సైట్‌లో అదే నంబరు కొడితే ఇక్కడికి వచ్చేసిందని కనిపిస్తుంది. పోస్టు ద్వారా వచ్చే అంతర్జాతీయ నంబర్లు 13 అక్షరాలు, ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర దేశం కోడ్ రెండు అక్షరాలు. ఆ చివరి రెండు అక్షరాలు అమ్మినవాడు ఉన్నానని చెప్పిన దేశానివేనా అని చూడండి, కొన్నిసార్లు అక్కడే విషయం బయటపడుతుంది.

కానీ లెన్సుపిచ్చి గారి విషయంలో పార్సెల్ పోస్టుకి అందనే లేదు. లేబుల్ ప్రింట్ చేయడానికి ఇంట్లోంచి కదలక్కర్లేదు. అది పంపినట్టు కాదు.

పార్సెల్ దారిలో పోతే పోస్టాఫీసులో విచారణ పెట్టాల్సింది పంపినవాళ్ళే, రసీదు మా దగ్గరే ఉంటుంది కదా. నిజాయితీగా అమ్మేవాడైతే "విచారణ పెట్టాను, నంబరు ఇదిగో" అంటాడు. కొనుగోలుదారుని పోస్టాఫీసు చుట్టూ తిరగమనడు. ఇంకో సంగతి, కేసు సైట్ చేతికి వెళ్ళి ఓడిపోతే మా ఖాతా మీద మచ్చ పడుతుంది, అందుకే నిజంగా ఇవ్వాలనుకున్నవాడు అంతకంటే ముందే ఆ బటన్ నొక్కేస్తాడు. ఖాతా ఆగిపోయింది కాబట్టి రీఫండ్ ఇవ్వలేను అనేది నాకు అర్థం కావడం లేదు. ఫిర్యాదు వచ్చినప్పుడు సైట్ ఆ డబ్బుని ఆపి ఉంచేది కొనుగోలుదారుకి వెనక్కి ఇవ్వడానికే.


లెన్సుపిచ్చి:

అందరికీ చాలా థాంక్స్. ఫిర్యాదు మూయలేదు, బ్యాంకు వివరాలు ఇవ్వలేదు. కార్డుబల్ల గారు చెప్పినట్టు మెసేజ్ పెట్టాను, పేజీలన్నీ సేవ్ చేశాను.

ఇప్పుడు కొత్త తలనొప్పి. అతను ట్రాకింగ్ నంబరు మార్చి ఇంకోటి ఇచ్చాడు. అది చూస్తే డెలివరీ అయిపోయింది అని ఉంది! మా ఊరి పేరే చూపిస్తోంది. ఇంట్లో అడిగాను, పక్కవాళ్ళని అడిగాను, ఎవరికీ ఏమీ రాలేదు. అమ్మకందారు "చూశారా, అందింది, ఇంక మూసేయండి" అంటున్నాడు. సైట్ కూడా ఆటోమేటిక్‌గా డెలివరీ అయినట్టు చూపిస్తోంది. నిన్నటిదాకా ధైర్యంగా ఉన్నాను, ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి.


తూనికరాయి:

భయపడకండి, ఇది పాత ఎత్తు. మీ ఊళ్ళోనే ఏదో ఒక చిరునామాకి ఒక ఖాళీ కవరో, పనికిరాని వస్తువో పంపిస్తారు, లేదా మీ ఊరికి వేరే ఎవరికో వెళ్ళిన పార్సెల్ నంబరు తెచ్చి పెడతారు. ట్రాకింగ్ పేజీ ఊరు పేరు, పిన్ కోడ్ వరకే చూపిస్తుంది, ఇంటి నంబరు చూపించదు, ఆ సందులోంచే మోసం జరుగుతుంది. సైట్ల కంప్యూటర్లు చూసేది కూడా చాలావరకు ఆ ఊరూ పిన్ కోడే, అందుకే మొదటి తీర్పు అమ్మకందారు వైపు రావచ్చు. వస్తే అక్కడితో అయిపోయినట్టు కాదు.

కొరియరు కంపెనీకి ఫోన్ చేయండి, కుదిరితే వాళ్ళ ఆఫీసుకే వెళ్ళండి. పోస్టు అయితే మీ పోస్టాఫీసుకి. ఆ నంబరు ఇచ్చి, "ఇది నా పేరు మీద, నా చిరునామాకి వచ్చిందా" అని అడగండి. గోప్యత కారణం చెప్పి ఎవరికి వెళ్ళిందో చెప్పకపోవచ్చు, అది మీకు అక్కర్లేదు కూడా. మీ చిరునామాకి కాదు అన్న ఒక్క మాట రాసిస్తే చాలు. లెటర్ కావచ్చు, ఈమెయిల్ కావచ్చు. దానితోపాటు పార్సెల్ బరువు అడగండి. లోహంతో చేసిన పాత లెన్స్ బరువు ఎంతుంటుందో మీకు తెలుసు, ఆ పార్సెల్ ఒక కవరు బరువే ఉందనుకోండి, ఇక వాదించాల్సిన పనే లేదు. సంతకం తీసుకుని ఉంటే ఆ సంతకం చూపించమనండి. పార్సెల్ ఏ రోజు బుక్ అయిందో కూడా చూడండి, వస్తువు ఎప్పుడో పంపేశానన్నవాడి పార్సెల్ మీ ఫిర్యాదు తర్వాత బుక్ అయి ఉంటే ఆ తేదీయే మాట్లాడుతుంది.


కార్డుబల్ల:

పైన చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. మొదటి ట్రాకింగ్ నంబరు స్క్రీన్‌షాట్ తీసుకోమన్నాను కదా, ఇప్పుడు దాని అవసరం పడింది. ఒకే వస్తువుకి రెండు నంబర్లు, మొదటిది ఎక్కడికీ కదలలేదు, రెండోది ఫిర్యాదు పెట్టిన తర్వాత పుట్టింది. ఈ వరుసని తేదీలతో పది వాక్యాలకు మించకుండా రాసి సైట్‌కి పంపండి, జోక్యం కోరే బటన్ ఈరోజే నొక్కండి.

సైట్ కాదంటే అప్పీలు ఉంటుంది. ఈబేలో అయితే కేసు ముగిశాక 30 రోజుల్లోపు. అప్పీలులో పాత మాటలే మళ్ళీ రాస్తే పాత జవాబే వస్తుంది. కొరియరు వాళ్ళ లెటర్ లాంటి కొత్త కాగితం పెట్టాలి. అక్కడా కాదంటే అదే ఫైలుతో బ్యాంకుకి. బ్యాంకు ముందు కూడా అమ్మకం వైపు వాళ్ళు డెలివరీ రుజువని ఆ ట్రాకింగే పెడతారు కాబట్టి, మీ ఫారంలో వాళ్ళు పెట్టకముందే మీరే చెప్పేయండి: ఇలాంటి నంబరు ఒకటి చూపిస్తారు, అది నా చిరునామాకి రాలేదని ఇదిగో రుజువు.


వసంతకోకిల77:

నాకు కూడా ఇలాగే పోయింది, సైటూ బ్యాంకూ ఏమీ చేయలేదు, ఒక రికవరీ ఎక్స్‌పర్ట్ గారు మూడు రోజుల్లో మొత్తం తెప్పించారు, ఆయన నంబరు [మోడరేటర్ తొలగించారు]


మోడరేటర్:

పైన ఉన్న నంబరు తీసేశాను, ఆ ఖాతా ఆపేశాను. లెన్సుపిచ్చి గారూ, ఈ థ్రెడ్ చదువుతున్న మిగతావాళ్ళూ, దయచేసి ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. డబ్బు పోయిందని ఎవరు రాసినా కొన్ని గంటల్లో వీళ్ళు దిగుతారు, ఇక్కడ కుదరకపోతే ప్రైవేట్ మెసేజ్‌లో వస్తారు. హ్యాకర్ అంటారు, లాయర్ అంటారు, ప్రభుత్వ ఏజెంట్ అని కూడా అంటారు. అందరూ చివరికి అడిగేది ముందు కొంత ఫీజు, లేదా మీ కార్డు వివరాలు, లేదా మీ ఫోన్‌లో ఒక యాప్ వేసుకోమని. సైట్‌లో ఫిర్యాదుకి గానీ చార్జ్‌బ్యాక్ అడగడానికి గానీ మధ్యలో మనిషి అక్కర్లేదు. ప్రైవేట్‌గా ఎవరైనా వస్తే రిపోర్ట్ బటన్ నొక్కండి, మేము చూస్తాం.


కొత్తచిగురు:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి, నాది ఇంకా కష్టం. వేలంలో నేను ఓడిపోయాను, తర్వాత అమ్మకందారు మెసేజ్ పెట్టాడు, గెలిచినవాడు డబ్బు కట్టలేదు, మీ పాటకే ఇస్తాను, సైట్ కమిషన్ లేకుండా నేరుగా బ్యాంకుకి వేయండి అని. వేశాను. వస్తువు లేదు, మనిషి లేడు. సైట్‌ని అడిగితే మా దగ్గర లావాదేవీ జరగలేదు అంటున్నారు. నాకు దారి ఉందా?


కార్డుబల్ల:

ఉంది కానీ ఇరుకైన దారి, పైగా గంటలు లెక్క. ఇది చదివిన వెంటనే మీ బ్యాంకు మోసాల విభాగానికి ఫోన్ చేయండి, బ్రాంచి తెరిచేదాకా ఆగొద్దు. "నేను మోసపోయి పంపాను, రీకాల్ పెట్టండి, అవతలి బ్యాంకుకి చెప్పి ఆ ఖాతాలో డబ్బు ఆపించండి" అని ఈ మాటలతోనే చెప్పండి. రీకాల్ అంటే పంపిన డబ్బుని వెనక్కి అడగడం. మామూలు రీకాల్‌కి డబ్బు అందుకున్నవాడు ఒప్పుకోవాలి, మోసగాడు ఎలాగూ ఒప్పుకోడు. మోసం అని నమోదైతేనే అవతలి బ్యాంకు ఖాతాని ఫ్రీజ్ చేసే వీలుంటుంది, అది కూడా డబ్బు ఇంకా అందులో ఉంటేనే. అందుకే తొందర. పోలీసు సైబర్ విభాగంలో ఫిర్యాదు కూడా ఈరోజే ఇవ్వండి, ఆ ఫిర్యాదు నంబరు లేనిదే చాలా బ్యాంకులు ఒక అడుగు వేయవు. ఆ అమ్మకందారు పెట్టిన మెసేజ్‌ని సైట్‌కి కూడా పంపండి, డబ్బు ఇవ్వకపోయినా ఖాతా మూయించొచ్చు, ఇంకొకరు మునగకుండా ఉంటారు.

రెండో అవకాశం ఇస్తానని ఓడిపోయినవాళ్ళకి మెసేజ్ పెట్టడం వేలం సైట్లు పుట్టినప్పటి నుంచి ఉన్న మోసం. నిజమైన రెండో అవకాశం సైట్ ఇచ్చే సదుపాయంగానే ఉంటుంది, మీ ఖాతాలో కనిపిస్తుంది, అక్కడే కట్టొచ్చు. సైట్ బయట కట్టమన్న క్షణానే మనకున్న రక్షణలన్నీ పోతాయి. పేపాల్‌లో స్నేహితులకి, కుటుంబానికి అనే పద్ధతిలో పంపమనడం కూడా ఇదే, దానికి కొనుగోలుదారు రక్షణ వర్తించదు. గిఫ్ట్ కార్డు నంబర్లు అడిగితే, క్రిప్టో అడిగితే ఇక చెప్పక్కర్లేదు. పంపేసి ఉంటే మాత్రం గిఫ్ట్ కార్డు కంపెనీకి, క్రిప్టో ఎక్స్ఛేంజీకి వెంటనే చెప్పండి, వాడకముందు పట్టుకుంటే ఆపగలరు.


నాణేలసంచి:

కొత్తచిగురు గారూ, ఆశ పూర్తిగా వదులుకోకండి, ఫిర్యాదు మాత్రం తప్పకుండా నమోదు చేయండి. మనీ ట్రాన్స్‌ఫర్ మోసాల కేసులో డబ్బు పంపే కంపెనీ వెస్ట్రన్ యూనియన్ 2017లో అమెరికా ప్రభుత్వంతో 58 కోట్ల 60 లక్షల డాలర్ల సెటిల్‌మెంట్‌కి ఒప్పుకుంది, తర్వాత ఆ డబ్బులోంచి మోసపోయినవాళ్ళకి వాపసులు ఇచ్చారు. అందరికీ అలా జరుగుతుందని కాదు, కానీ ఎక్కడా చెప్పకుండా ఊరుకుంటే అలాంటి రోజు వచ్చినా మన దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

అమ్మకందారు వేరే దేశంలో ఉంటే ఈకన్స్యూమర్ డాట్ గవ్ అని ఒక సైట్ ఉంది, చాలా దేశాల వినియోగదారుల రక్షణ సంస్థలు కలిసి నడుపుతాయి, 2001 నుంచి ఉంది. వాళ్ళు మీ డబ్బు ఇప్పించరు, కానీ ఒకే మోసగాడి మీద ఫిర్యాదులు పోగైతే దర్యాప్తు చేసేవాళ్ళు వాడుకుంటారు.


తూనికరాయి:

కోర్టు మాట ఎవరూ అనలేదు కాబట్టి క్లుప్తంగా. అమ్మకందారు మీ దేశంలోనే ఉండి, అసలు పేరు, చిరునామా మీకు తెలిస్తే చిన్న మొత్తాల దావాలకి చాలా దేశాల్లో తక్కువ ఖర్చు పద్ధతులు ఉన్నాయి, ముందు ఒక రాతపూర్వక నోటీసు పంపితే చాలామంది అక్కడే దిగొస్తారు. షాపు నుంచి కొన్నారా, మామూలు వ్యక్తి నుంచి కొన్నారా అనేది కూడా చూసుకోండి, వినియోగదారుల చట్టాలు చాలాచోట్ల వ్యాపారుల మీదే పనిచేస్తాయి, వ్యక్తి మీద మామూలు ఒప్పందం ఉల్లంఘన కిందే వెళ్ళాలి. దేశం దాటితే మాత్రం ఆ ఖర్చుకి ఒక లెన్స్ విలువ సరిపోదు, కార్డు దారే మేలు.


లెన్సుపిచ్చి:

అప్‌డేట్. కొరియరు ఆఫీసుకి వెళ్ళాను. మొదట చెప్పనన్నారు, కొంచెం బతిమాలితే మేనేజరు చూసి, ఆ పార్సెల్ మీ పేరు మీద కాదు, మీ వీధి కూడా కాదు అన్నారు. బరువు చూస్తే అందులో లెన్స్ కాదు కదా, దాని మూత కూడా పట్టదు. ఈమెయిల్‌లో రాసివ్వమంటే రాసిచ్చారు. అంతలోనే సైట్ అమ్మకందారు వైపు తీర్పు ఇచ్చేసింది, ట్రాకింగ్ ప్రకారం అందింది అని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే కొరియరు ఈమెయిల్, రెండు ట్రాకింగ్ నంబర్ల స్క్రీన్‌షాట్లు, పార్సెల్ బుక్ అయిన తేదీ పెట్టి అప్పీలు వేశాను. బ్యాంకుని కూడా అడిగి ఆఖరు తేదీ రాయించుకున్నాను, ఇంకా సమయం ఉంది.

నిన్న సాయంత్రం సైట్ తీర్పు మార్చింది. పూర్తి మొత్తం, షిప్పింగ్‌తో సహా, కార్డుకి వెనక్కి పంపుతున్నట్టు ఈమెయిల్ వచ్చింది. ఇంకా స్టేట్‌మెంట్‌లో పడలేదు. మీరందరూ లేకపోతే ఆ రోజే ఫిర్యాదు మూసేసేదాన్ని. కొత్తచిగురు గారూ, మీ సంగతి ఏమైంది?


కొత్తచిగురు:

సంతోషం అక్కా. నాది అవతలి బ్యాంకు ఖాతాని ఆపిందట, కొంత డబ్బు అందులో ఇంకా ఉందన్నారు, కొంత వాడు తీసేసుకున్నాడు. పోలీసు ఫిర్యాదు కాపీ అడిగారు, ఇచ్చాను. ఎంత వస్తుందో తెలియదు, చూస్తున్నాను.


కార్డుబల్ల:

ఇద్దరికీ మంచి కబురే. లెన్సుపిచ్చి గారూ, డబ్బు స్టేట్‌మెంట్‌లో కనిపించేదాకా బ్యాంకు ఆఖరు తేదీని మర్చిపోకండి, సైట్ ఈమెయిల్ చాలదు. కార్డుకి రీఫండ్ చేరడానికి కొన్ని పనిదినాలు పడుతుంది, మరీ ఆలస్యమైతే సైట్‌ని రీఫండ్ రిఫరెన్స్ నంబరు అడగండి, ఆ నంబరుతో బ్యాంకు వెతికి పెడుతుంది. కొత్తచిగురు గారూ, ఆపిన డబ్బు విడుదల చేయడానికి కొన్నిచోట్ల కోర్టు ఆర్డరు అడుగుతారు, దర్యాప్తు అధికారిని ఆ విషయం ముందే అడిగి పెట్టుకోండి, బ్యాంకుతో ప్రతి మాటా ఈమెయిల్‌లోనే జరపండి.